పారిస్ గాజు కప్పుల అంగడి వీధులు

పారిస్ నగరంలో సేన్ నదికి ఉత్తరాన, పాలే రొయాల్ తోటల నుంచి మోంమార్త్ర్ బులెవార్డును దాటి ఇంకొంత దూరం వరకు, ఇళ్ల వరుసల మధ్యగా లోపలికి చొచ్చుకుపోయే ఇరుకు దారులు కొన్ని కనిపిస్తాయి. పైన గాజు కప్పు, కింద బండలో పింగాణీ పలకలో పరచిన నేల, రెండు పక్కలా ఎదురెదురుగా దుకాణాలు, దుకాణాల మీద చిన్న గదులు, వాటి మీద నివాసాలు, రెండు కొసల్లో రాత్రిపూట మూసివేసే ఇనుప తలుపులు ఉన్న ఈ దారులను ఫ్రెంచివారు పాసాజ్‌లు అంటారు. వాటిలో కొంత ఆడంబరంగా కట్టినవాటికి గాలెరీ అనే పేరు పెట్టుకున్నారు. 18వ శతాబ్ది చివరి దశకంలో మొదలై 1860 నాటికి ఆగిపోయిన ఈ నిర్మాణాల్లో ఇప్పుడు సుమారు 20 మాత్రమే నిలిచి ఉన్నాయి. మార్గదర్శకుల వెంట నడిచే యాత్రికుల చూపు సహజంగా గాజు కప్పు మీదికే పోతుంది. అయితే ఈ దారుల చరిత్ర మొదలయ్యేది వాటి నేలతో. ఆ స్థలం ఎవరిది, ఎలా చేతులు మారింది, దాని మీద అద్దె ఎలా పుట్టింది అన్నది తెలియనిదే ఇవి ఎందుకు వెలిశాయో, ఎందుకు వెలవెలబోయాయో, కొన్ని మాత్రమే ఎందుకు మిగిలాయో బోధపడదు.

ఫ్రెంచి విప్లవానికి పూర్వపు పారిస్‌లో పెద్ద పెద్ద స్థలాలు మఠాల కింద, ప్రభువుల భవనాల కింద ఉండేవి. వీధి వైపు గోడ లేదా ముఖద్వారం, లోపల విశాలమైన తోట, దాని వెనుక పనివారి ఇళ్లు, గుర్రపు శాలలు ఉండేవి. 1789 నవంబరులో చర్చి ఆస్తులను జాతి ఆస్తులుగా ప్రకటించడం, ఆ తరువాత దేశం విడిచి పారిపోయిన ప్రభువుల ఆస్తులను కూడా జప్తు చేసి వేలం వేయడం వల్ల ఈ స్థలాలు వర్తకుల, బ్యాంకర్ల, గుత్తేదారుల చేతికి వచ్చాయి. కొన్నవారికి ఒక చిక్కు ఎదురైంది: స్థలం లోతు ఎక్కువ, వీధికి ఆనుకున్న కొలత తక్కువ. వీధి ముఖం లేని స్థలంలో దుకాణం నడవదు, దుకాణం లేనిచోట మంచి అద్దె రాదు. స్థలం గుండా ఈ వీధి నుంచి ఆ వీధికి ఒక దారి తీస్తే, అంతవరకు పెరడుగా పడి ఉన్న నేలకు ఒక్కసారిగా రెండు వరుసల అంగడి ముఖం ఏర్పడుతుంది. వీధిలో నడిచేవాడు దగ్గరి దారి అని అందులోకి వస్తాడు, వచ్చినవాడు అద్దాల వెనుక సరకును చూస్తాడు. దారి యజమాని సొంతమే కాబట్టి ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో, ఎవరిని రానివ్వాలో అతడే నిర్ణయించుకుంటాడు. ఊరందరి వీధిలా కనిపిస్తూనే ఒకరి సొత్తుగా ఉండడం పాసాజ్ ప్రత్యేకత. పుట్టుక నుంచి నేటి దాకా దాని బాగోగులన్నీ ఈ ద్వంద్వ స్వభావం మీదే ఆధారపడ్డాయి.

అప్పటి పారిస్ వీధుల స్థితి కూడా ఈ వ్యాపారానికి కలిసివచ్చింది. వీధి మధ్యలో మురుగు పారేది. కాలిబాటలు దాదాపు లేవు. 1780లలో ఓదెయోన్ వీధి వంటి ఒకటి రెండు చోట్ల వేసినవి వింతగా చూడవలసినవిగా ఉండేవి. గుర్రపు బండ్లు గోడలను రాసుకుంటూ పోతుంటే నడిచేవారు వాకిళ్లలోకి తప్పుకొనేవారు. వాన పడితే సంపన్న స్త్రీలు బండి దిగి దుకాణంలోకి అడుగు పెట్టడమే కష్టమయ్యేది. తడవకుండా, బురద అంటకుండా, బండ్ల భయం లేకుండా నడవగలిగే చోటు ఎక్కడ దొరికినా జనం చేరారు.

అటువంటి చోటు మొదట దొరికింది పాలే రొయాల్‌లో. రాజవంశీయుడైన షార్త్ర్ డ్యూకు, తరువాతి కాలంలో విప్లవంలో చేరి ఫిలిప్ ఎగాలితేగా పేరు మార్చుకొని చివరకు గిలొటిన్‌కు బలైన వ్యక్తి, అప్పుల నుంచి బయటపడే మార్గంగా 1780లలో తన భవనపు తోట చుట్టూ విక్తోర్ లూయీ అనే వాస్తుశిల్పి చేత స్తంభాల వసారాలతో ఇళ్లను, దుకాణాలను కట్టించి అద్దెకిచ్చాడు. నాలుగో వైపు కట్టవలసిన రాతి భవనానికి డబ్బు చాలక, ఆ స్థలంలో తాత్కాలికంగా చెక్కతో దుకాణాల వరుసలు లేపారు. కొయ్య గాలెరీలుగా పేరుపడ్డ ఈ వరుసలు నేల చదును కూడా లేని, పైకప్పు సందుల్లోంచి వెలుతురు పడే పాకలే అయినా పుస్తకాల అంగళ్లు, టోపీల అంగళ్లు, జూదరులు, వేశ్యలు, రాజకీయ వదంతులు అన్నీ అక్కడ కలిసేవి. బాల్జాక్ తన ‘ఇల్యూజియోఁ పెర్ద్యూ’ నవలలో వాటిని విపులంగా వర్ణించాడు. తాత్కాలికమన్నది నాలుగు దశాబ్దాలు నిలిచింది. 1820ల చివర వాటిని తొలగించి, ఆ చోట వాస్తుశిల్పి ఫోంతెన్ గాజు, ఇనుము కలిపి గాలెరీ దోర్లెయాఁ అనే విశాలమైన మార్గాన్ని కట్టాడు. దానిని 1935లో కూల్చారు. ఇప్పుడు అక్కడ రెండు వరుసల స్తంభాలే మిగిలాయి. పాసాజ్‌ల నడక ఎక్కువగా ఇక్కడి నుంచే మొదలవుతుంది గాని, వాటికి మూలమైన కట్టడం ఏదీ యాత్రికుల కంటికి కనిపించదు.

మిగిలి ఉన్నవాటిలో పాతది పాసాజ్ ద్యు కేర్. జప్తయిన ఒక మఠపు స్థలంలో 1798లో, నెపోలియన్ సేన కైరోలో ప్రవేశించిన ఏడాదే, దీనిని కట్టారు. కైరో నగరం పేరే దీనికి పెట్టారు. తరువాత దాని ముఖద్వారపు భవనానికి ఈజిప్టు దేవత హాథోర్ తలలు చెక్కారు. మూడు కొమ్మలుగా చీలి, అన్నీ కలిపి సుమారు 370 మీటర్ల పొడవుతో పారిస్ పాసాజ్‌లలో అన్నిటికన్నా పొడవైన ఈ దారిలో మొదటి నుంచీ విలాస వస్తువులు పెద్దగా అమ్ముడుపోలేదు. అచ్చు పనివారు, రాతి అచ్చు అంటే లిథోగ్రఫీ చేసేవారు ఇక్కడ స్థిరపడ్డారు. నేడు బట్టల టోకు వ్యాపారులు, దుకాణాల కిటికీల్లో నిలబెట్టే బొమ్మలు అమ్మేవారు ఉన్నారు. అందం లేదన్న కారణంతో చాలా నడక బృందాలు దీనిని వదిలేస్తాయి. అది పొరపాటు, పుట్టిన నాటి నుంచి నేటి వరకు ఎడతెగకుండా పని కోసమే బతికిన పాసాజ్ ఏదైనా ఉందంటే అది ఇదే.

దీని తరువాత రెండేళ్లకు, 1800లో, తెరుచుకున్న పాసాజ్ దె పనొరమా కథ వేరు. పనొరమా అంటే గుండ్రని కట్టడం లోపలి గోడ చుట్టూ ఒకే దృశ్యాన్ని విచ్ఛిత్తి లేకుండా చిత్రించి, మధ్యనున్న వేదిక మీద నిలబడినవారికి తాము ఆ ప్రదేశంలోనే ఉన్నట్టు భ్రమ కలిగించే వినోదం. దీనిని ఐర్లండులో పుట్టిన రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు కనిపెట్టి 1787లో పేటెంటు పొందాడు. తరువాత ఆవిరి పడవతో ప్రసిద్ధుడైన అమెరికన్ రాబర్ట్ ఫుల్టన్ ఫ్రాన్సులో దానికి హక్కు సంపాదించగా, థేయర్ అనే మరో అమెరికన్ ఒక ప్రభువుల భవనపు స్థలం కొని, బులెవార్డు వైపు రెండు గుండ్రని గోపురాలు నిలిపి, వాటి మధ్య నుంచి లోపలికి పాసాజ్ తీశాడు. వినోదానికి వచ్చేవారిని దుకాణాల మీదుగా నడిపించడమే ఇందులోని వ్యాపార రహస్యం. 1807లో పక్కనే వరియేతె నాటకశాల వచ్చి చేరింది. గోపురాలను 1831లో పడగొట్టినా నాటకశాల నిలిచింది, దానితో పాటు జనమూ నిలిచారు; 1834లో గ్రిజార్ అనే వాస్తుశిల్పి పాసాజ్‌కు కొత్త కొమ్మలు చేర్చాడు. నాటకశాల నటీనటుల తలుపు ఈ దారిలోకే తెరుచుకోవడం వల్ల ఎమిల్ జోలా 1880 నాటి ‘నానా’ నవలలో ఒక ప్రభువును ఇక్కడి దుకాణాల అద్దాల ముందు గంటల తరబడి నిరీక్షింపజేశాడు. ‘అకదెమీ జూలియాఁ’ అనే చిత్రకళా పాఠశాల 1868లో మొదలైంది కూడా ఈ కప్పు కిందే.

1817లో పారిస్ ప్రజలకు గ్యాస్ దీపాన్ని మొదట చూపిన చోట్లలో ఈ పాసాజ్ ఒకటి. లండనులో గ్యాస్ దీపాల వ్యాపారం నడిపిన విన్సర్ అనే జర్మను వ్యక్తి పారిస్‌లో తన పద్ధతిని ప్రదర్శించడానికి దీనిని ఎంచుకున్నాడు. వీధిలో గొట్టాలు వేయాలంటే నగరపాలన అనుమతులు కావాలి. ఇక్కడ యజమాని ఒప్పుకుంటే చాలు. కొత్త నూనె దీపాలు, కొత్త గాజు, కొత్త ఇనుము వంటివన్నీ ముందుగా పాసాజ్‌లలో పరీక్షకు రావడానికి కారణం కూడా ఇదే అయి ఉండాలి. సూర్యాస్తమయం తరువాత కూడా అంగడి వెలిగి ఉండడం నాటి కొనుగోలుదారుకు కొత్త అనుభవం. అంతకుముందు చీకటి పడితే సరకు రంగు నమ్మలేక బేరం మరునాటికి వాయిదా పడేది.

1815లో నెపోలియన్ యుద్ధాలు ముగిసి రాజరికం తిరిగి వచ్చాక, ముఖ్యంగా 1823 నుంచి 1828 వరకు, పాసాజ్‌ల నిర్మాణం పందెంలా సాగింది. వాటిలో గాలెరీ వెరో దొదాను కట్టినవారు పంది మాంసపు వంటకాలు అమ్మి ధనికులైన వెరో, దొదా అనే ఇద్దరు వర్తకులు. 1826 నాటి ఈ గాలెరీ పొడవు 80 మీటర్లు మాత్రమే. నల్లని, తెల్లని చలువరాళ్లను ఏటవాలుగా పరచడం వల్ల కొసన నిలబడి చూసేవారికి అది ఇంకా పొడవుగా తోస్తుంది. దీని ఒక కొసన దూరప్రాంతాలకు పోయే గుర్రపు బండ్ల కంపెనీ కార్యాలయం ఉండేది. బండి కోసం వేచి ఉన్న ప్రయాణికులే ఇక్కడి దుకాణాలకు ఆధారం. రైళ్లు వచ్చి ఆ బండ్లు ఆగిపోయాక గాలెరీ కళ తగ్గింది. కాని అంతకుముందు ఇక్కడ జరిగిన ఒక ఉదంతం కాస్త నిలిచి చెప్పుకోదగినది. తరువాత వ్యంగ్య పత్రికలు నడిపిన షార్ల్ ఫిలిపోన్ తన బావమరిది ఒబేర్‌తో కలిసి 1829లో ఈ గాలెరీలో ఒక చిత్రాల అంగడి తెరిచాడు. 1830 జులై విప్లవం లూయీ ఫిలిప్‌ను గద్దె మీద కూర్చోబెట్టాక, ఫిలిపోన్ ‘లా కారికతూర్’ వారపత్రికను, 1832లో ‘లె షారివరీ’ దినపత్రికను మొదలుపెట్టాడు. ఒనొరె దోమియే వంటివారు గీసిన వ్యంగ్యచిత్రాలు అచ్చయిన వెంటనే అంగడి అద్దాలలో వేలాడేవి. పత్రిక కొనే స్తోమత లేనివారు గుంపులు కట్టి, వాన తగలని ఆ చోట నిలబడి, రాజు ముఖం బేరిపండుగా మారే చిత్రాన్ని చూసి నవ్వుకునేవారు. 1835 సెప్టెంబరు చట్టం వ్యంగ్యచిత్రాలకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసే వరకు ఇది సాగింది. ఆ అంగడి అద్దం పాఠకుడు కాని పౌరునికి కూడా పత్రికను చేర్చింది. పాసాజ్‌లను విలాసానికి మాత్రమే ముడిపెట్టే చరిత్రకారులు ఈ సంగతికి తగినంత చోటు ఇవ్వలేదు.

ఆస్తి పత్రాలు రాసి ధ్రువీకరించే నోటరీల సంఘానికి అధ్యక్షుడైన మార్షూ, భూముల బేరాలు ముందుగా తెలిసే వృత్తిలో ఉన్న కారణంగానే కాబోలు, పాలే రొయాల్ వెనుక, కొత్త స్టాక్ ఎక్స్ఛేంజి భవనానికి అందుబాటులో ఉన్న స్థలాలను సేకరించి 1823లో గాలెరీ వివియెన్ నిర్మాణం తలపెట్టాడు. దెలనువా అనే వాస్తుశిల్పి దానిని రోమన్ ఛాయల్లో తీర్చి, గోడల మీద వాణిజ్యానికి గుర్తులైన లంగరును, సంపదల కొమ్మును, మెర్క్యురీ దేవుని దండాన్ని పొదిగాడు. స్థలం ఎత్తుపల్లాలను బట్టి దారి మధ్యలో మెట్లు దిగుతుంది. ఇప్పుడు యాత్రికులను ఆకట్టుకునే మొజాయిక్ నేల, అంటే రంగురంగుల చిన్న రాళ్లతో కూర్చిన నేల, తరువాతి కాలపు ఇటాలియన్ కళాకారుడు ఫకీనా పేరుతో ముడిపడినది. 1826లో మొదలైన పుస్తకాల అంగడి కూడా ఇక్కడ ఉంది. పక్కనే పోటీగా కట్టిన గాలెరీ కోల్బేర్‌కు గాజు గోపురంతో కూడిన గుండ్రని మండపం ఉన్నా, వివియెన్‌కు చేరినంత జనం దానికి చేరలేదు. పక్కనున్న జాతీయ గ్రంథాలయం చివరకు దానిని కొని, 1980లలో కూల్చి పాత రూపంలోనే తిరిగి కట్టించింది. కళాచరిత్ర సంస్థ కొలువున్న ఆ గాలెరీలో నేడు దుకాణాలు లేవు. చూడ చక్కనిదే గాని అంగడి లేని అంగడి వీధి అది.

అక్కడికి పశ్చిమాన ఉన్న పాసాజ్ షువాజెల్ 1827 నాటికి పూర్తయింది. సుమారు 190 మీటర్ల తిన్నని దారి. దీనికి ఆనుకొన్న నాటకశాలలోకి 1855 డిసెంబరులో జాక్ ఒఫెన్‌బాఖ్ తన హాస్య సంగీత నాటకాల బృందాన్ని తెచ్చాడు. అల్ఫోన్స్ లెమేర్ అనే ప్రచురణకర్త ఇక్కడి అంగడి నుంచి 1866లో పోల్ వెర్లేన్ తొలి కవితా సంపుటిని వెలువరించాడు. 20వ శతాబ్ది తొలి ఏళ్లలో ఇక్కడే లేసు దుకాణం నడుపుకున్న తల్లి వద్ద పెరిగిన రచయిత సెలీన్ మాత్రం 1936లో రాసిన నవలలో ఈ దారిని గ్యాస్ వాసనతో, మురికితో, చిన్న వర్తకుల దిగుళ్లతో ఉక్కిరిబిక్కిరి చేసే చోటుగా చూపాడు. గాజు కప్పు వానను ఆపినట్టే గాలినీ ఆపుతుందని, పైగదిలో కాపురముండే దుకాణదారునికి అది వేసవిలో నరకమని గుర్తుచేసే సాక్ష్యం ఇది.

పనొరమా పాసాజ్ దాటి మోంమార్త్ర్ బులెవార్డుకు అడ్డంగా నడిస్తే ఎదురుగా 1847లో తెరిచిన పాసాజ్ జూఫ్రువా, దాని కొసన అదే కాలపు పాసాజ్ వెర్దో వస్తాయి. పూర్తిగా ఇనుము, గాజులతో కట్టినవాటిలో, నేల కింద నుంచి వెచ్చదనం పంపే ఏర్పాటు ఉన్నవాటిలో జూఫ్రువాదే మొదటి స్థానం. అయినా స్థలం వంకర కాబట్టి దారి మధ్యలో విరిగి మెట్ల మీదుగా సాగుతుంది. 1882లో మైనపు బొమ్మల గ్రెవాన్ మ్యూజియం దాని పక్కన వెలిసి, చూసి వచ్చేవారిని పాసాజ్‌లోకి పంపడంతో, పనొరమాల నాటి ఎత్తుగడే ఎనభై ఏళ్ల తరువాత మళ్లీ పనిచేసింది. వెర్దోకు అటువంటి అండ దొరకలేదు. సమీపంలో 1852లో ఏర్పడిన ద్రువో వేలంశాల వల్ల పాత పుస్తకాల, పాత చిత్రాల, పాత వస్తువుల వ్యాపారం అక్కడ పాతుకుంది.

ఈలోగా పారిస్ పద్ధతి ఇతర నగరాలకు పాకింది. లండనులో 1819లో బర్లింగ్టన్ ఆర్కేడ్, బ్రస్సెల్స్‌లో 1847లో సెంత్ యుబేర్ రాచ గాలెరీలు, మిలాన్‌లో 1867లో విక్టర్ ఇమ్మాన్యుయేల్ గాలెరియా తెరుచుకున్నాయి. మిలాన్ కట్టడం ఎత్తులో, వెడల్పులో పారిస్ దారులను పూర్తిగా మించిపోయింది. కాని అప్పటికి పారిస్‌లోనే వాటి కాలం చెల్లింది. చివరిదైన పాసాజ్ దె ప్రెన్స్‌ను 1860లో మిరెస్ అనే బ్యాంకరు తెరిచాడు.

ఈ క్షీణతకు 1853లో సేన్ ప్రిఫెక్టు, అంటే పారిస్ పాలనాధికారి, అయిన ఒస్మాన్‌ను కారణంగా చెప్పడం ఆనవాయితీ. అందులో నిజం ఉంది: అతడు వేయించిన వెడల్పాటి బులెవార్డులు కొన్ని పాసాజ్‌లను కూల్చాయి, కొన్నింటిని నరికాయి, వాటి విశాలమైన కాలిబాటలు, మురుగు కాలువలు పాసాజ్ అమ్ముకునే పొడి నేలను అందరికీ ఉచితంగా ఇచ్చాయి. అంతకన్నా బలమైన దెబ్బ వ్యాపారం నుంచే తగిలింది. 1852 నుంచి బూసికో అనే వర్తకుని చేతుల్లో పెరిగిన బొం మార్షే, 1865లో వచ్చిన ప్రెంతాం వంటి మహా దుకాణాలు వెలను చీటీ మీద రాసి, కొనకపోయినా లోపల తిరగనిచ్చి, వంద అంగళ్ల సరకును ఒకే యజమాని కింద చేర్చాయి. కప్పు కింద తీరికగా తిరుగుతూ చూడడం అనే అలవాటును పాసాజ్‌లే నగరానికి నేర్పాయి. ఆ అలవాటును లాభంగా మలచుకున్నది మాత్రం మహా దుకాణం. చిన్న అద్దెదారులకు అంత పెట్టుబడి లేదు, దారి యజమానులకు బాగుచేయించే ఆసక్తి లేదు. 1867లో జోలా ‘తెరేజ్ రకాఁ’ నవలలో పాసాజ్ ద్యు పోం నఫ్‌ను చెమ్మ పట్టిన, పసుపు బండల చీకటి సందుగా వర్ణించే నాటికే ఈ పతనం కంటికి కనిపించేంతగా ముదిరింది.

వాటి విలువ పోతున్న వేళ వాటిని పట్టించుకున్నవారు రచయితలు. ఒస్మాన్ పేరుతోనే ఉన్న బులెవార్డును పొడిగించడానికి 1925లో పాసాజ్ ద లొపెరాను కూల్చారు. గడియారం గాలెరీ, బారోమీటరు గాలెరీ అనే రెండు కొమ్మలుగా ఉండిన ఆ పాసాజ్‌లోని ఒక కాఫీశాలలో దాదా ఉద్యమపు కళాకారులు కలుసుకునేవారు. లూయీ అరగోఁ 1926లో వెలువరించిన ‘లె పెయిజాఁ ద పారీ’లో అక్కడి క్షౌరశాలను, చేతికర్రల దుకాణాన్ని, నష్టపరిహారం చాలదని వాపోయే వర్తకులను ఒక్కొక్కరిగా నమోదు చేశాడు. ఆ పుస్తకం చదివి కదిలిన జర్మను ఆలోచనాపరుడు వాల్టర్ బెన్యమిన్ 1927లో పాసాజ్‌ల మీద ఒక గ్రంథం తలపెట్టి, గాలెరీ వివియెన్ పక్కనే ఉన్న జాతీయ గ్రంథాలయంలో కూర్చొని ఏళ్ల తరబడి ఉల్లేఖనలు పోగుచేశాడు. 1940లో జర్మను సేనలు వస్తుండగా అతడు పారిస్ వదిలిపోతే, ఆ కాగితాలను గ్రంథాలయ ఉద్యోగి, రచయిత అయిన జార్జ్ బతాయ్ అక్కడే దాచాడు. బెన్యమిన్ ఆ సెప్టెంబరులో స్పెయిను సరిహద్దు ఊరు పోర్ట్‌బూలో ప్రాణం తీసుకున్నాడు; గ్రంథం అసంపూర్ణంగానే 1982లో అచ్చయింది. నేటి నడక బృందాల్లో అతని పేరు వినిపించనిది అరుదు.

మిగిలినవి మిగలడానికి మాత్రం సాహిత్యం కారణం కాదు. చాలా పాసాజ్‌లలో ఆస్తి అనేకమంది వాటాదారుల మధ్య చీలిపోయి ఉండడం వల్ల కూల్చి కట్టాలన్నా అందరినీ ఒప్పించడం సాధ్యపడలేదు. అద్దెలు తక్కువ కాబట్టి ఆ శ్రమకు పూనుకునేవారూ రాలేదు. నిర్లక్ష్యమే వాటిని కాపాడింది. 1970లలో వివియెన్, జూఫ్రువా వంటివి చారిత్రక కట్టడాల జాబితాలో చేరాయి, 1986లో జాన్ పోల్ గోతియే అనే దుస్తుల రూపకర్త వివియెన్‌లో దుకాణం తెరిచాడు, ఆ పిదప అద్దెలు పెరగసాగాయి. 1860 నాటి పాసాజ్ దె ప్రెన్స్‌కు ఆ అదృష్టం లేదు. 1980లలో దానిని పడగొట్టి, తరువాత కొద్దిగా పక్కకు జరిపి, పాత ముక్కలు కొన్ని అతికించి కట్టారు.

తూర్పున, 1828లో తెరిచిన పాసాజ్ బ్రాదీని స్ట్రాస్‌బూర్ బులెవార్డు 1850లలో రెండు ముక్కలు చేసింది. ఒక ముక్కకు కప్పు ఉంది, మరొకదానికి లేదు. చవక అద్దెలున్న ఈ దారిలో 1970ల నుంచి భారత ఉపఖండపు భోజనశాలలు, మసాలా దినుసుల అంగళ్లు, క్షౌరశాలలు చేరాయి. మొదట వచ్చినవారు పుదుచ్చేరి వైపు నుంచి వచ్చినవారు. 1956లో సంతకమై 1962లో అమలులోకి వచ్చిన ఒప్పందం ప్రకారం పుదుచ్చేరి, కారైకాల్, మాహే, గోదావరి తీరాన తెలుగువారి ఊరైన యానాం భారతదేశంలో లాంఛనంగా కలిసినప్పుడు, అక్కడివారికి ఆరు నెలల గడువులో ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకునే వీలు ఇచ్చారు; ఎంచుకున్నవారిలో అనేక కుటుంబాలు పారిస్ చేరాయి. తరువాత పాకిస్తాన్, బంగ్లాదేశ్‌ల నుంచి వచ్చినవారూ బ్రాదీలో వ్యాపారాలు పెట్టారు. పెరటి నేలకు అంగడి ముఖం కల్పించి చిన్న దుకాణదారునికి అద్దెకివ్వాలన్న 1820ల నాటి లెక్క ఇక్కడ ఇంకా చెల్లుతూనే ఉంది. అయినా నడక బృందాల్లో ఎక్కువ భాగం వెర్దో చివర ఆగిపోతాయి. ఇక్కడికి వచ్చేవారు ఎక్కువగా మధ్యాహ్న భోజనానికి వస్తారు.